ఆ ఒక్క పాయింటు ఎక్కణ్ణుంచి వస్తుంది?

అందరికీ నమస్కారం అండి. వెనకాల నిలబడ్డ పిల్లలు ముందుకి రండమ్మా, ఇక్కడ చాప ఖాళీగానే ఉంది. తల్లిదండ్రులు కూడా చాలామంది వచ్చారు, చాలా సంతోషం. హాంగ్జౌ ఏషియన్ గేమ్స్ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను ముప్పై ఏళ్ళు పీడీగా, అంటే స్కూల్లో ఆటల మాస్టారుగా చేశాను, విజిల్ ఊదడం తప్ప ఉపన్యాసం చెప్పడం నాకు అలవాటు లేదు, కానీ ఈ సబ్జెక్ట్ అంటే మాత్రం ఆగలేను, అందుకే వచ్చాను.

ముందు ఒకటి అడుగుతాను, చెప్పండి. హాంగ్జౌలో మనకి ఎన్ని పతకాలు? ఆ, 107. అందరికీ తెలుసు. అందులో గోల్డ్ ఎన్ని? 28, కరెక్ట్. సిల్వర్ 38, బ్రాంజ్ 41. మొత్తం మీద నాలుగో స్థానం. మన ముందు చైనా, జపాన్, సౌత్ కొరియా. అంతకు ముందు 2018లో జకార్తాలో మనకొచ్చినవి 70. అంటే ఒక్క గేమ్స్‌లోనే 37 పెరిగాయి. 2022లో జరగాల్సినవి కోవిడ్ వల్ల ఏడాది వెనక్కి వెళ్ళి 2023 సెప్టెంబర్ 23న మొదలయ్యాయి, అక్టోబర్ 8న అయిపోయాయి. వంద దాటాలి వంద దాటాలి అని అందరూ అనుకున్నారు, దాటింది.

పెద్దవాళ్ళకి గుర్తుండి ఉంటుంది, 1990లో బీజింగ్ గేమ్స్‌లో మనకి వచ్చిన గోల్డ్ ఎన్నో తెలుసా? ఒకటి. ఒక్కటే. అదీ కబడ్డీలో, ఆ ఏడాదే కబడ్డీని మొదటిసారి గేమ్స్‌లో పెట్టారు. ఇంత పెద్ద దేశానికి ఒక్క గోల్డ్. పేపర్లో చదివి మేం స్టాఫ్ రూములో తలలు దించుకుని కూర్చున్నాం. ఆ రోజు చూసినవాడిని కాబట్టి 107 అనే మాట విన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి అంటే నమ్మండి.

కానీ ఇవాళ నేను 107 గురించి మాట్లాడను. ఒకటి గురించి మాట్లాడతాను. ఒక్క పాయింటు. 107కీ మనకీ మధ్య ఉన్నది ఆ ఒక్క పాయింటే, అది ఎంత చిన్నదో, అది ఎక్కణ్ణుంచి వస్తుందో, అదే చెప్తాను.

ఆ వందో పతకం ఏది? అమ్మాయిల కబడ్డీ. అక్టోబర్ 7 పొద్దున్న. ఎవరి మీద? చైనీస్ తైపీ, అంటే తైవాన్, వాళ్ళ మీద. స్కోరు ఎంత? 26-25. విన్నారా, ఇరవయ్యారు ఇరవై అయిదు. ఒక్క పాయింటు. కబడ్డీలో ఒక్క పాయింటు అంటే ఏంటో ఆడిన పిల్లలకి తెలుసు, కాలు బోనస్ లైన్ దాటిందా లేదా అంతే, కాలి బొటనవేలు మిడ్ లైన్‌కి తగిలిందా లేదా అంతే. ఇదే అమ్మాయిల కబడ్డీలో జకార్తా ఫైనల్లో ఇరాన్ చేతిలో మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. అప్పటిదాకా కబడ్డీ మనదే, మనల్ని ఎవడు కొడతాడు అనుకున్నవాళ్ళం. ఆ ఓటమి తర్వాత అయిదేళ్ళు పట్టింది ఆ ఒక్క పాయింటు తెచ్చుకోడానికి.

ఇప్పుడు మన విజయవాడ అమ్మాయి దగ్గరికి వస్తాను. వెన్నం జ్యోతి సురేఖ. పేరు విన్నారు కదా? హాంగ్జౌలో మూడు గోల్డ్‌లు. మూడు! ఒకే గేమ్స్‌లో మూడు. ఇండివిడ్యువల్, టీమ్, మిక్స్‌డ్ టీమ్, మూడింటిలోనూ పోటీ చేసింది, మూడూ గెలిచింది. అసలు కాంపౌండ్ ఆర్చరీలో మొత్తం అయిదు గోల్డ్‌లు ఉంటే అయిదూ మనమే తెచ్చుకున్నాం. కొరియా వాళ్ళ ఆట అనుకునే ఆర్చరీలో!

కాంపౌండ్ విల్లు అంటే పిల్లలకి చెప్తాను, మామూలు విల్లు కాదు, చివర్లలో చక్రాలు ఉంటాయి, తాడు మొత్తం లాగాక ఆ చక్రాలు బరువు తగ్గిస్తాయి, అందుకని గురి పెట్టినప్పుడు చెయ్యి వణక్కుండా పట్టుకోవచ్చు. భూతద్దంలాంటి లెన్స్ కూడా ఉంటుంది. తాడుని వేళ్ళతో వదలరు, చేతిలో రిలీజ్ అని చిన్న పరికరం ఉంటుంది, దాంతో వదుల్తారు. అబ్బో అయితే తేలికే కదా అంటారు. తేలిక కాదమ్మా, అక్కడే ఉంది కష్టం. అందరికీ ఆ పరికరాలే ఉన్నాయి కాబట్టి అందరూ పదే కొడతారు. పది, పది, పది. తొమ్మిది కొట్టినవాడు ఓడిపోతాడు. 50 మీటర్ల దూరంలో టార్గెట్, మధ్యలో పది పాయింట్ల వృత్తం 8 సెంటీమీటర్లు. టీ గ్లాసు మూతికన్నా కొంచెం పెద్దది. ఇక్కడ నిలబడి ఆ గేటు అవతల ఉన్న చెట్టు దగ్గర టీ గ్లాసు పెట్టి కొట్టాలి, ఒకసారి కాదు, పదిహేనుసార్లు, ప్రతి బాణానికీ 20 సెకన్లే.

ఇండివిడ్యువల్ ఫైనల్లో ఆమె స్కోరు ఎంతో చెప్తాను. 149. దేనికి? 150కి. పదిహేను బాణాల్లో పద్నాలుగు పదులు, ఒక్క తొమ్మిది. అవతల కొరియా అమ్మాయి సో చేవాన్, 145. దానికి మూడు రోజుల ముందు ఓజస్ దేవతలేతో కలిసి మిక్స్‌డ్ టీమ్ ఫైనల్, అదీ కొరియా మీదే, 159-158. ఇద్దరూ కలిపి పదహారు బాణాలు, పదిహేను పదులు, ఒక్క తొమ్మిది. వాళ్ళు ఒక్క పాయింటు తక్కువ కొట్టారు, మనకి గోల్డ్, వాళ్ళకి సిల్వర్. టీమ్ ఫైనల్లో అదితి స్వామి, పర్ణీత్ కౌర్, సురేఖ, ముగ్గురూ కలిసి 230 కొట్టి చైనీస్ తైపీని గెలిచారు. ఇరవై నాలుగు బాణాలు కొడితే తేడా వేళ్ళమీద లెక్కపెట్టేంత!

ఇది విని ఆహా అనుకుని ఊరుకోకండి. వెనక్కి వెళ్దాం. 2014లో ఇంచియాన్ గేమ్స్‌లో కూడా సురేఖ ఉంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. టీమ్‌లో బ్రాంజ్. 2018 జకార్తాలో కూడా ఉంది. టీమ్ ఫైనల్, కొరియా మీద, మూడు పాయింట్లతో ఓడిపోయారు, సిల్వర్. 2023లో గోల్డ్. చూడండి, బ్రాంజ్, సిల్వర్, గోల్డ్. తొమ్మిదేళ్ళు. నాకు తెలిసిన చాలామంది పిల్లలు తొమ్మిది నెలలు ప్రాక్టీస్ చేసి సార్ నాకు ఇంకా మెడల్ రాలేదు అని మానేస్తారు, వాళ్ళ తప్పు కూడా కాదు, ఇంట్లో వాళ్ళు అడుగుతారు, ఏం వచ్చిందిరా దీనివల్ల అని. సురేఖ వాళ్ళింట్లో అలా అడిగి ఉంటే 2014లోనే అయిపోయేది. ఆ పిల్ల నాలుగేళ్ళ వయసులో కృష్ణానదిలో అయిదు కిలోమీటర్లు ఈదింది అని అప్పట్లో పేపర్లలో వచ్చింది, మా కృష్ణా జిల్లా వాళ్ళకి గుర్తుంటుంది. నాలుగేళ్ళ పిల్లని నదిలోకి దింపడానికి ఆ అమ్మానాన్నలకి ఎంత గుండె ఉండాలి. ఇంకో మాట, కాంపౌండ్ ఇన్నాళ్ళూ ఒలింపిక్స్‌లో లేదు. ఒలింపిక్స్‌లో లేని ఆట కోసం ఇన్నేళ్ళు నిలబడింది ఆమె. 2028 లాస్ ఏంజిలెస్‌లో మొదటిసారి కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పెడుతున్నారు, ఆ వార్త చదివినరోజు నేను మా ఇంట్లో గట్టిగా చప్పట్లు కొట్టాను.

సరే, ఇప్పుడు నందిని. అగసర నందిని, తెలంగాణ అమ్మాయి, సోషల్ వెల్ఫేర్ గురుకులంలో చదువుకున్న పిల్ల, నాన్నగారు టీ అమ్ముతారు. హెప్టాథ్లాన్‌లో బ్రాంజ్. హెప్టాథ్లాన్ అంటే ఏడు ఈవెంట్లు, రెండు రోజులు. మొదటి రోజు 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు. రెండో రోజు లాంగ్ జంప్, జావెలిన్, ఆఖర్న 800 మీటర్ల పరుగు. ఒక్కోదానికి పాయింట్లు ఇచ్చి కలుపుతారు. నందినికి 5712 పాయింట్లు వచ్చాయి. నాలుగో స్థానంలో ఉన్నామెకి 5708. ఎంత తేడా? నాలుగు. ఆ నాలుగో స్థానంలో వచ్చింది కూడా మన అమ్మాయే, స్వప్న బర్మన్, జకార్తాలో ఇదే ఈవెంట్‌లో గోల్డ్ తెచ్చిన మనిషి.

నాలుగు పాయింట్లు అంటే ఏంటో నేను రాత్రి కూర్చుని లెక్కేశాను. లాంగ్ జంప్‌లో అయితే ఒకటిన్నర సెంటీమీటరు కూడా కాదు. ఇదిగో, నా వేలి గోరు వెడల్పు. జావెలిన్‌లో అయితే ఒక జానెడు. 800లో అయితే సెకనులో మూడో వంతు కూడా లేదు. ఏడు ఈవెంట్లు, రెండు రోజులు, కాళ్ళు పీక్కుపోతుంటాయి, అన్నీ అయ్యాక ఒక వేలి గోరంత తేడాతో ఒకళ్ళు మెడల్ వేసుకుంటారు, ఇంకొకళ్ళు వేసుకోరు. ఆ గోరంత ఎక్కడ సంపాదించింది నందిని? హాంగ్జౌలో కాదు కదా. ఏదో ఒక సాయంత్రం, ఎవరూ చూడనప్పుడు, ఇంక చాలు అనుకున్నాక ఇంకో జంప్ చేసినప్పుడు సంపాదించింది. ఆమెకి కోచింగ్ ఇచ్చింది నాగపురి రమేష్ గారు, ద్రోణాచార్య అవార్డు తీసుకున్న కోచ్. మంచి కోచ్, పక్కన హాస్టల్, వేళకి తిండి, ఈ మూడూ ఉంటే టీ కొట్టు ఇంటి నుంచి కూడా ఏషియన్ మెడల్ వస్తుంది అని నందిని చూపించింది.

ఇంక నేను అసలు చెప్పాలనుకున్నది. జ్యోతి యర్రాజి. వైజాగ్ అమ్మాయి. 100 మీటర్ల హర్డిల్స్. నాన్నగారు సెక్యూరిటీ గార్డు, అమ్మగారు ఇళ్ళల్లో, ఆసుపత్రిలో పనిచేసేవారు. స్కూల్లో ఉండగా పీఈటీ గారు ఈ పిల్ల పొడుగు చూసి హర్డిల్స్‌కి పనికొస్తుంది అన్నారట. ఒక పీఈటీ కంటిచూపు! నాకు అది విన్నప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది.

ఈ అమ్మాయి రికార్డుల కథ వింటే మీకు బాధేస్తుంది. 2020లో యూనివర్సిటీ మీట్‌లో అప్పటి నేషనల్ రికార్డు కన్నా ఫాస్ట్‌గా పరిగెత్తింది, లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే అక్కడ డోప్ టెస్ట్ చెయ్యలేదు. అందులో ఆమె తప్పేముంది? 2022 ఏప్రిల్లో మళ్ళీ రికార్డు టైమ్, మళ్ళీ లెక్కలోకి రాలేదు, గాలి వల్ల. వెనక నుంచి గాలి సెకనుకి 2 మీటర్లు దాటితే రికార్డు ఇవ్వరు, ఆ రోజు 2.1 ఉంది. 0.1! ఏం చేస్తారు మీరైతే? ఆమె తర్వాతి నెలే సైప్రస్ వెళ్ళి 13.23లో పరిగెత్తి 20 ఏళ్ళ పాత రికార్డు కొట్టింది. అదే ఏడాది అక్టోబర్లో 13 సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి భారతీయ మహిళ అయ్యింది, 12.82.

ఇప్పుడు హాంగ్జౌ. అక్టోబర్ 1 రాత్రి. ఫైనల్. బ్లాక్స్‌లో కూర్చున్నారు. పక్క లేన్‌లో చైనా అమ్మాయి వూ యాన్నీ. సెట్ అన్నాక, గన్ పేలకముందే వూ కదిలింది, ఆమె కదలడం చూసి జ్యోతి కూడా కదిలింది. ఫాల్స్ స్టార్ట్. ఇప్పుడు రూల్ ఏంటంటే ఒక్క ఫాల్స్ స్టార్ట్ చేస్తే బయటికే, 2010 నుంచి రెండో ఛాన్స్ లేదు. ఇద్దరినీ వెళ్ళిపొమ్మన్నారు.

మీరు అక్కడ ఉన్నారనుకోండి. వేల మంది చైనా జనం, పరాయి భాష, ఎదురుగా ఆఫీసర్లు చెయ్యెత్తి బయటికి చూపిస్తున్నారు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. మన పిల్లలైతే, నిజం చెప్పండి, మనం ఎలా పెంచాం, పెద్దవాళ్ళు పొమ్మంటే తల దించుకుని వెళ్ళిపోతారు. ఈ అమ్మాయి వెళ్ళలేదండి. ముందు కదిలింది నేను కాదు, రీప్లే చూడండి అంది. అక్కడే నిలబడింది, స్క్రీన్ చూపించమంది, వాదించింది. ఎంతసేపో అలాగే నడిచింది అది, మిగిలిన అమ్మాయిలు కాళ్ళు దులుపుకుంటూ నిలబడ్డారు. చివరికి ఇద్దరూ ప్రొటెస్ట్ కింద పరిగెత్తండి, తర్వాత తేలుద్దాం అన్నారు.

ఇప్పుడు ఆలోచించండి, హర్డిల్స్ అంటే మనసు నీళ్ళలా ప్రశాంతంగా ఉండాల్సిన ఆట. ఇంత గొడవ అయ్యాక, గుండె గొంతులోకి వచ్చాక, మళ్ళీ బ్లాక్స్‌లో కూర్చుని పది హర్డిల్స్ దాటాలి. ఆమె 12.91లో మూడోదిగా వచ్చింది. లిన్ యువీ మొదట, 12.74. రెండోది వూ. తర్వాత వీడియో చూసి వూని డిస్‌క్వాలిఫై చేశారు, జ్యోతి బ్రాంజ్ కాస్తా సిల్వర్ అయ్యింది. ఆ ట్రాక్ మీద ఆమె తల దించుకుని వెళ్ళిపోయి ఉంటే? సిల్వర్ లేదు, బ్రాంజ్ లేదు, 107 లేదు, 106. మన తెలుగు ఆడపిల్ల, ఇంట్లో ఎవరూ కోర్టులు ఆఫీసులు చూడని పిల్ల, అంత మంది ముందు నాది తప్పు కాదు అని చెప్పగలిగింది. నాకు ఆ సిల్వర్ కన్నా ఆ నిలబడటం గొప్పగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

మిగతావాళ్ళ గురించి గబగబా చెప్తాను, టైమ్ అవుతోంది. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్ గోల్డ్, ఏషియన్ గేమ్స్ బ్యాడ్మింటన్‌లో మనకి అదే మొదటి గోల్డ్. హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్, పద్దెనిమిదేళ్ళు, షూటింగ్‌లో నాలుగు మెడల్స్, ఒక గోల్డ్ మూడు సిల్వర్. కైనన్ చెనాయ్ షూటింగ్‌లోనే ట్రాప్ టీమ్‌లో గోల్డ్. మన ధీరజ్ బొమ్మదేవర ఆర్చరీలో, చక్రాలు లేని రికర్వ్ విల్లుతో, టీమ్ సిల్వర్. హంపి, హారిక చెస్‌లో సిల్వర్, మగవాళ్ళ చెస్ సిల్వర్‌లో అర్జున్, హరికృష్ణ. నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో బ్రాంజ్. తిలక్ వర్మ క్రికెట్ గోల్డ్. ఎవరినైనా మర్చిపోతే క్షమించాలి, లిస్టు పెద్దదైపోయింది, అదే సంతోషం.

ఒక పాత మాట చెప్పి ఇక్కడికి వస్తా. 1962లో జకార్తాలోనే, ఫుట్‌బాల్‌లో మనం గోల్డ్ తెచ్చుకున్నాం, నమ్ముతారా? ఫైనల్లో సౌత్ కొరియా మీద 2-1. అదే కొరియా ఆ టోర్నమెంట్ మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించింది. ఆ టీమ్ కోచ్ మన హైదరాబాద్ రహీమ్ సాబ్, సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన కూడా టీచరేనండి. బడిపంతులు. అప్పటికే ఆయనకి లంగ్ కాన్సర్, మరుసటి ఏడాది చనిపోయారు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ టీమ్‌లో ఆడాడు. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి మళ్ళీ గోల్డ్ రాలేదు. ఎందుకు రాలేదు? పిల్లలు మారారా? కాళ్ళు మారాయా? రహీమ్ సాబ్ లాంటివాళ్ళు నేర్పిన గ్రౌండ్లు ఏమయ్యాయో చూడండి.

నేను చేసిన ఒక స్కూల్లో, పేరు చెప్పను, ఎనిమిదో తరగతి పిల్ల ఒకమ్మాయి ఉండేది. హర్డిల్ ఎక్కడుందో చూడకుండానే దాటేది, అంత లయ ఉండేది కాళ్ళలో. మాకు హర్డిల్స్ లేవు, వెదురు కర్రలు రెండు ఇటుకల మీద పెట్టి ప్రాక్టీస్ చేయించేవాడిని. జిల్లాలో ఫస్ట్ వచ్చింది. తర్వాతి ఏడాది మా గ్రౌండ్‌లో సగానికి కొత్త క్లాసు రూములు కట్టారు. క్లాసు రూములు కావాలి కదా, నేను కాదనలేకపోయాను. మిగిలిన సగంలో 60 మీటర్లు కూడా తిన్నగా రాదు. పదో తరగతిలో వాళ్ళ నాన్నగారు వచ్చి, సార్ ఇంక చాలండి, పెళ్ళి కావాల్సిన పిల్ల, మోకాళ్ళు చీరుకుపోతున్నాయి అన్నారు. నేను రెండు మాటలు చెప్పాను, గట్టిగా చెప్పలేదు. ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది. జ్యోతి ట్రాక్ మీద నిలబడ్డప్పుడు నాకు ఆ పిల్లే గుర్తొచ్చింది.

అందుకే అంటున్నాను, ఆ ఒక్క పాయింటు హాంగ్జౌలో దొరకదు. అది తిన్నగా 100 మీటర్లు ఉన్న గ్రౌండ్‌లో దొరుకుతుంది. పొడుగు చూసి హర్డిల్స్‌కి పంపే పీఈటీ పోస్టు ఖాళీగా లేని స్కూల్లో దొరుకుతుంది. సాయంత్రం ఆరున్నరకి ఆడపిల్ల ఇంటికి రావడం లేటైతే తిట్టకుండా ఎదురెళ్ళి తీసుకొచ్చే నాన్న దగ్గర దొరుకుతుంది. ఇక్కడున్న నాన్నలు వింటున్నారా? మీరే. మీ స్కూల్ కమిటీ మీటింగ్‌కి వెళ్ళినప్పుడు రిజల్ట్స్ ఎంత అని అడగండి, దాంతోపాటు గ్రౌండ్ ఎంత పొడుగుంది అని కూడా అడగండి. వచ్చే గేమ్స్ 2026లో జపాన్‌లో, ఐచీ-నగోయాలో. వాటికి వెళ్ళేవాళ్ళు ఎప్పుడో తయారయ్యారు. ఆ తర్వాతవాటికి వెళ్ళే పిల్లలు ఈ చాప మీద కూర్చుని ఉండొచ్చు, నేను ఊరికే అనట్లేదు.

సరే, ఇంక మాటలు చాలు. బయట గ్రౌండ్‌లో పొద్దున్న నేనూ మా కుర్రాళ్ళూ టేపు పెట్టి సున్నంతో గీతలు గీశాం. స్టార్ట్ లైన్ నుంచి 13 మీటర్ల దగ్గర మొదటి హర్డిల్ గీత ఉంటుంది. అక్కణ్ణుంచి ప్రతి ఎనిమిదిన్నర మీటర్లకి ఒకటి, మొత్తం పది. ఆఖరి హర్డిల్ నుంచి ఫినిష్‌కి పదిన్నర మీటర్లు. ఎత్తు 84 సెంటీమీటర్లు, మీ డైనింగ్ టేబుల్ కన్నా కొంచెం ఎక్కువ ఎత్తు. రెండు గీతల మధ్య మూడే అడుగులు వెయ్యాలి జ్యోతి. మీరు నడిచి చూడండి, మీకు ఎన్ని అడుగులు పడతాయో లెక్కపెట్టుకోండి. అమ్మలు కూడా రావాలి. చెప్పులు ఇక్కడే వదిలేయండి, నేల మెత్తగానే ఉంది. పదండి.